అమ్మ ట్రంకు పెట్టె, నా భుజం సంచీ

అటక మీంచి ట్రంకు పెట్టె దింపి మూత ఎత్తగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఉండలు మాత్రం ఒక్కటీ లేదు, ఎప్పుడో హరించుకుపోయాయి. నాఫ్తలీన్ మామూలు వేడికి కరగదు, గట్టిగా ఉన్నది ఉన్నట్టే ఆవిరైపోతుంది. ఆ ఆవిరి గుడ్డల్లోకీ, అడుగున పరిచిన కాగితంలోకీ ఇంకిపోయి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. అమ్మ పోయాక ఇల్లు సర్దే పని అక్కా నేనూ పెట్టుకున్నాం. ఆ వాసన తగిలాక ఆ పూట ఇంకే పనీ సాగలేదు. సెలవులంటే మా ఇద్దరికీ అదే వాసన.

మా ఇంట్లో ట్రంకు పెట్టె అటక దిగిన రోజునే ప్రయాణం మొదలైనట్టు లెక్క. నాన్న స్టూలెక్కి పెట్టెను అంచుదాకా లాగేవారు. కింద అమ్మ ఒక పక్క, అక్క ఒక పక్క పట్టుకునేవాళ్లు. నన్ను దూరంగా నిలబడమనేవారు. రేకు చెక్కకి రాసుకుంటూ కీచుమని వచ్చే ఆ చప్పుడు ఎక్కడ ఆడుకుంటున్నా నాకు వినబడేది. వీధిలోంచి పరిగెత్తుకొచ్చేవాణ్ణి. మూత మీద తెల్ల రంగుతో నాన్న పేరు, ఇంటిపేరు మొదటి అక్షరంతో సహా. ఆ అక్షరాలు ఎండకీ వానకీ బీటలు వారి, సగం ఊడి, మా పెట్టెను మాత్రం ఎంత గుంపులో ఉన్నా పట్టిచ్చేవి.

పెట్టెను ఒక రోజంతా ఎండలో తెరిచి పెట్టేవాళ్లం. మర్నాడు అమ్మ దాని ముందు చతికిలబడి కూర్చునేది. మంచం మీద మనిషికో కుప్ప. నాన్న కుప్ప, అక్క కుప్ప, నా కుప్ప, వెంట వచ్చే వాళ్లెవరైనా ఉంటే వాళ్ల కుప్ప. అడుగున దుప్పట్లు, తువ్వాళ్లు. వాటి మీద ఆఖరి రోజుల్లో కట్టుకునేవి, ఆపైన ముందు రోజుల్లో కట్టుకునేవి. అన్నిటికంటే పైన దిగగానే చేతికి అందాల్సినవి: సబ్బు, తువ్వాలు, టార్చిలైటు, తాళం, చాప. "అర్ధరాత్రి దిగుతాం. చీకట్లో పెట్టె అడుగు వెతుక్కుంటామా?" అనేది. గాజు సీసాలు గుడ్డల మధ్యకి పోయేవి. మూత తీసి, సీసా మూతి మీద ఒక ప్లాస్టిక్ ముక్క పరిచి, దానిమీద మూత బిగించేది. నేను ఇప్పటికీ షాంపూ సీసాకి అదే చేస్తాను, కారిన పాపాన పోలేదు.

హోల్డాల్ మాత్రం నాన్న పని. ఖాకీ కాన్వాసుది, హాలు ఈ చివర్నించి ఆ చివరిదాకా పరుచుకునేది. పరుపు, దాని మీద దుప్పట్లు, రెండు చివర్లా ఉన్న జేబుల్లో దిండ్లు. ట్రంకు పెట్టెలో పట్టనివన్నీ అందులోకే: చెప్పులు, గొడుగులు, తాడు. చుట్ట చుట్టాక నన్ను దాని మీద మోకాళ్లతో కూర్చోమనేవారు. నేను బరువంతా వేసి నొక్కితే ఆయన తోలు పట్టీ బకిల్లోంచి లాగేవారు. "ఊఁ, ఇంకో కన్నం... ఇంకొక్కటి." పట్టీకి ఎన్ని కన్నాలు మిగిలాయన్నదాన్ని బట్టి ఈసారి సామాను ఎక్కువా తక్కువా అని తేల్చేవారు. ఎప్పుడూ ఆఖరి కన్నమే.

*

ఇంత బరువెందుకు అని అప్పుడు ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఎందుకో అందరికీ తెలుసు. దిగే చోట మంచం ఉంటే ఉన్నట్టు, దాని మీద పరుపుంటుందన్న నమ్మకం లేదు. దుప్పటి, దిండు, బకెట్టు, మగ్గు, దీపం, తాళం అన్నీ మనవే. ఈ రోజున నేను ఒక సంచీ భుజాన వేసుకుని బయల్దేరుతున్నానంటే, వెళ్లే చోట ఎవరో ఉతికిన దుప్పటి పరిచి, సబ్బు పెట్టి, దీపం వెలిగించి ఉంచుతున్నారు కాబట్టి. తేలిగ్గా తిరగడం గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఈ మాట కూడా చెబితే బాగుంటుంది. ఆ బరువు ఎక్కడికీ పోలేదు, మోసే మనిషి మారాడు.

రైల్లో అమ్మ డబ్బా ఒకటి ఉండేది. పాత పౌడరు డబ్బా. సూదులు, తెల్ల దారం, నల్ల దారం, గుండీలు, పిన్నీసులు, చిన్న కత్తెర, జ్వరం మాత్రలు, దూది, కొవ్వొత్తి ముక్క, అగ్గిపెట్టె. అది పెట్టెలో పెట్టేది కాదు, చేతిసంచీలోనే. ఒకసారి పక్క బెర్తు ఆవిడ సంచీ పట్టీ సగం ప్రయాణంలో తెగింది. సామానంతా కింద పడి, ఆవిడ ఏం చేయాలో తోచక నిలబడిపోయింది. అమ్మ లావు దారం నాలుగు పేటలు చేసి సూదికి ఎక్కించింది. కాన్వాసులోకి సూది దిగలేదు. తాళంచెవి వెనక భాగంతో సూది తల మీద అదిమి దింపింది, అవతలి పక్క నుంచి పళ్లతో లాగింది. రైలు ఊగినప్పుడు ఆగి, ఊగడం తగ్గాక మళ్లీ ఒక కుట్టు. పూర్తయ్యాక పట్టీని రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేసి గుంజి చూసి గానీ ఆవిడ చేతికి ఇవ్వలేదు. ఆ తర్వాత దిగేదాకా ఆ డబ్బా రైలు పెట్టెంతా తిరిగింది. ఒకరికి గుండీ, ఒకరి పిల్లకి మాత్ర.

*

అటక మీంచి దింపిన రోజున అక్క నాకంటే ముందు చూసింది. మూత లోపలి వైపు అంటించిన కాగితం. అమ్మ చేతిరాత. సామాను జాబితా.

చిన్నప్పుడు అది ఎప్పుడూ అక్కడే ఉండేది కాబట్టి చదవాలని తోచలేదు. ఇప్పుడు కిటికీ దగ్గరికి పెట్టెను జరుపుకుని ఇద్దరం ఒక్కో వరుసా చదివాం. ప్రతి వస్తువు పేరుకీ ఎడమ పక్క ఒక టిక్కు, కుడి పక్క ఒక టిక్కు. ఎడమది వెళ్లేటప్పుడు, కుడిది తిరిగొచ్చేటప్పుడు. పెన్సిల్‌తో పెట్టి, చెరిపి, మళ్లీ పెట్టి, కాగితం అక్కడ గరుకుగా లేచిపోయింది. మొదటి వరుసలు నీలం సిరాతో, గుండ్రంగా. "పాలసీసా - 2" అని ఉండి కొట్టేసి ఉంది. "చిన్నాడి టోపీ" కొట్టేసి ఉంది. "రబ్బరు షీటు" కొట్టేసి ఉంది. ఆ కింద నల్ల సిరా. "అక్కకి గుడ్డలు" అని ఒక్క మాట రాసి, వివరం రాయలేదు. అక్క దాన్ని వేలితో తడిమి, "నేను పెద్దదాన్నయిన ఏడు" అంది. ఇంకా కింద "ఆయన కళ్లద్దాలు, ఇంకో జత కూడా." "మోకాలి పట్టీ." చివరి వరుసలు బాల్ పెన్నుతో, వంకరగా: "బీపీ మాత్రలు (ఆయనవి) పది రోజులకి ఎక్కువే."

ఆ కాగితంలో మా ఇంటి కథంతా ఉంది. ఎవరెప్పుడు పుట్టారో, ఎవరికెప్పుడు చూపు తగ్గిందో, ఎవరు ఇక రావడం మానేశారో. మేం ఎంత వెతికినా అందులో అమ్మది అని ఒక్క వస్తువూ కనబడలేదు. ఆవిడ రెండు చీరలు, దువ్వెన ఒక గుడ్డసంచీలో పెట్టుకుని పెట్టె మూలకి కుక్కేదని ఇద్దరికీ గుర్తుంది. దానికి జాబితా అక్కర్లేకపోయింది. మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సామాను సర్దే మనిషని పేరు పడ్డ అమ్మ, తన మటుకు తాను అందరికంటే తేలిగ్గా తిరిగింది. ఇది మాకు అన్నేళ్లూ కనబడనే లేదు.

*

తేలిగ్గా సర్దుకోవడం నాకు ఉద్యోగంలో అబ్బింది. ఊళ్లు తిరిగే ఉద్యోగం. మొదట్లో నన్ను ఒక సీనియర్‌కి జత చేశారు. ఆయన రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. చేతిలో ఒక చిన్న రెగ్జిన్ సంచీ, అంతే. రెండు టెరికాటన్ చొక్కాలు, రెండు ప్యాంట్లు. ఒకటి ఒంటి మీద, ఒకటి సంచీలో. "బాబూ, నాది ఒకటే లెక్క. రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరాలి. ఆరనిది నాతో రాదు" అన్నారు.

రాత్రి ఆయన చొక్కా ఉతికే తీరు చూడాలి. పిండేవారు కాదు, పిండితే ముడతలు పడతాయని. నీళ్లు కార్చి, పొడి తువ్వాలు మంచం మీద పరిచి, దాని మీద చొక్కాను కాలరు సవరించి పడుకోబెట్టి, రెండూ కలిపి చుట్ట చుట్టి మోచేత్తో ఈ చివర్నించి ఆ చివరికి ఒత్తేవారు. తువ్వాలు నీరంతా పీల్చుకునేది. తర్వాత హ్యాంగరుకి వేసి, పై గుండీ పెట్టి, అరచేత్తో ముందుపట్టీ కిందికి రెండుసార్లు దువ్వి, ఫ్యాను కింద. పొద్దున్న ఇస్త్రీ చేసినట్టుండేది. ఆ గుడ్డ గుణం అది. పాలియెస్టర్ దారాన్ని 1941లో బ్రిటన్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు తయారు చేశారు. అదే తర్వాత టెరిలిన్ అయింది, నూలుతో కలిపితే మన టెరికాటన్. మామూలు గాలిలో నూలు తన బరువులో 7, 8 శాతం తేమ పట్టుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. ఆయనకి ఈ అంకెలు తెలియవు. చెయ్యి పెట్టి చూసి చెప్పేసేవారు, ఇది రెండింటికి ఆరుతుంది, ఇది నాలుగింటికి అని.

ఆయనతో తిరిగిన రోజుల్లో నాకు ప్రయాణమంటే ఇష్టం పెరిగింది. బండి దిగిన వెంటనే నడిచిపోవచ్చు, కూలీ కోసం చూడక్కర్లేదు. సామాను ఎక్కడ పెట్టాం, ఎవరు చూస్తున్నారు అన్న బెంగ లేదు. పని ముగిశాక ఇంకా వెలుతురుంటే, సంచీ భుజాన వేసుకుని కాస్త దూరం నడిచి ఊరు చూసి రావచ్చు. చిన్నప్పటి సెలవుల్లో పెట్టె దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే. ఎక్కువసార్లు అది అమ్మే. మేం చూసొచ్చినవెన్నో ఆవిడ చూడలేదు.

*

ఈ విషయంలో అక్కకీ నాకూ జీవితాంతం వాదనే. ఒకసారి లైబ్రరీలో నెల్లీ బ్లై సంగతి చదివి ఉత్సాహంగా అక్కకి చెప్పాను. ఆవిడ అమెరికన్ విలేకరి. 1889 నవంబరు 14న న్యూయార్క్ దగ్గర ఓడెక్కి, ప్రపంచమంతా చుట్టి 72 రోజుల్లో తిరిగొచ్చింది. ఒకే ఒక్క చేతిసంచీ, అడుగు భాగం 16 అంగుళాలకి 7 అంగుళాలు. అందులోనే టోపీలు, చెప్పులు, సిరాబుడ్డి, కలాలు, కాగితాలు, సూదీదారం, లోదుస్తులు, చేతిరుమాళ్లు, మీదవేసుకునే కోటు, ఒక కోల్డ్ క్రీమ్ సీసా. ఒంటి మీద ఉన్న గౌను తప్ప ఇంకో గౌను లేదు. కుట్టించుకున్నదీ సంచీలో పట్టక వదిలేసింది. ఆ క్రీమ్ సీసాయే సంచీ మూసుకోనివ్వక ప్రాణం తీసిందని తనే రాసుకుంది.

అక్క ఊరుకుంటుందా! ఆ పుస్తకం తనూ తెప్పించుకుని చదివింది. వారం తర్వాత వచ్చి, "హాంగ్‌కాంగ్‌లో విందుకి పిలిస్తే కట్టుకెళ్లడానికి మంచి గౌను లేక బాధపడిందట, ఆ ముక్క చెప్పలేదేం నువ్వు?" అని నిలదీసింది. అంతటితో ఆగలేదు. అదే రోజున ఇంకో విలేకరి ఎలిజబెత్ బిస్లాండ్ ఎదురు దిక్కుగా బయల్దేరింది, కొద్ది గంటల ముందు చెబితే. ఆవిడ ఓడ ట్రంకు పెట్టె, పెద్ద తోలు సంచీ రెండూ తీసుకెళ్లి, జనవరి 30న, అంటే బ్లై చేరిన ఐదు రోజులకి చేరింది. "పెట్టెతో సహా ప్రపంచం చుట్టడానికి దాదాపు ఐదు రోజులే ఎక్కువ పట్టింది, ఆ రోజులూ ఓడ దొరక్క పోయినవి గానీ పెట్టె మూలంగా పోయినవి కావు" అని తేల్చేసింది. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

అమ్మ ముందు నేను ఇంకో మనిషిని తెచ్చాను. ఎమ్మా గేట్‌వుడ్, గ్రాండ్‌మా గేట్‌వుడ్ అంటారు. 1955లో, 67 ఏళ్ల వయసులో, కాస్త నడిచొస్తానని ఇంట్లో చెప్పి, అమెరికాలో మూడు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న అపలేచియన్ కొండదారి ఒంటరిగా పూర్తి చేసింది. గుడారం లేదు, మంచి బూట్లు లేవు. తనే కుట్టుకున్న జీన్స్ గుడ్డ సంచీ ఒకటి, ఒక కంబళి, వానకోటు, వాన పడితే కప్పుకోవడానికి స్నానాలగది ప్లాస్టిక్ కర్టెన్. అది చెప్పి, "చూడమ్మా, పదకొండు మందిని కన్నతల్లి ఆవిడ. ఎంత తేలిగ్గా వెళ్లిందో" అన్నాను.

అమ్మ దుప్పటి మడత పెడుతోంది. తలెత్తకుండానే, "పిల్లలు వెంట లేరుగా" అంది.

అప్పుడు ఆ మాటని దాటేసి వేరే సంగతి ఎత్తుకున్నాను. జాబితా చదివిన రోజున ఆ గొంతు మళ్లీ వినబడింది.

*

చక్రాలొచ్చాక నాన్న ఎంత సంబరపడ్డారో చెప్పలేను. అప్పటికే ఆయన భుజం పనిచేయడం లేదు. అక్క కొన్న సూట్‌కేసుని హాల్లో అటూ ఇటూ నడిపించి, వంగి చక్రాన్ని వేలితో తిప్పి, "ఇదెవడు ముందే చేయలేదేం?" అన్నారు. బెర్నార్డ్ సాడో అనే అమెరికన్ 1970లో సెలవుల నుంచి కుటుంబంతో తిరిగొస్తూ రెండు బరువైన పెట్టెలు మోయలేక అవస్థ పడుతుంటే, విమానాశ్రయంలో ఒకతను చక్రాల బల్ల మీద పెద్ద యంత్రాన్ని సునాయాసంగా తోసుకుపోతూ కనబడ్డాడు. అక్కణ్నించి వచ్చిన ఆలోచన అది. 1972లో పేటెంటు దొరికింది. ఆ పెట్టెకి నాలుగు చక్రాలు, పట్టీ పట్టి లాగాలి. ఇప్పటి మాదిరి నిలువు పెట్టె, పొడుగు హ్యాండిలు రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ 1987లో చేసింది. మొదట విమాన సిబ్బంది వాడారు, వాళ్లని చూసి ప్రయాణికులు అడిగారు.

చక్రాలు బరువుని దాచేస్తాయి. నున్నటి నేల మీద పదిహేను కిలోలూ పాతికా ఒకేలా ఉంటాయి. మెట్లు వచ్చినప్పుడు తెలుస్తుంది. నేను అక్కతో వెళ్లినప్పుడల్లా మెట్ల దగ్గర ఆ పెట్టె నా చేతికే వస్తుంది, మా అక్క పెట్టె కదా, మోస్తాను.

విమానాలు బరువుకి అంకె పెట్టాయి. చాలా దూర ప్రయాణాల టికెట్టు మీద పెట్టె ఒక్కింటికి 23 కిలోలు. ఎంత డబ్బు కట్టినా ఒక పెట్టె 32 దాటకూడదంటారు. ఆ రెండో అంకె ఎత్తి దించే కార్మికుల నడుము కోసం పెట్టింది, అది సబబే. కౌంటరు దగ్గర నేల మీద పెట్టెలు తెరిచి కూర్చున్న కుటుంబాలని చూస్తే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, అందులోంచి చేతిసంచీలోకి. ఆ హడావుడిలో తల్లి చేయి దేన్ని తీసేసి దేన్ని ఉంచుతుందో గమనిస్తాను. ముందు తీసేది తన చెప్పుల జతే.

2006లో విమానాల్లో ద్రవాల మీద ఆంక్షలు వచ్చాక చేతిసంచీలో సీసాలు 100 మిల్లీలీటర్లకి కుదించుకుపోయాయి. టైంపీసు, టార్చి, 36 ఫోటోల రీళ్లు, రేడియో, ఊళ్ల పటం, అడ్రసుల పుస్తకం అన్నిటినీ ఫోను మింగేసింది. బదులుగా వైర్లు, ఛార్జర్లు వచ్చాయి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో వేయనివ్వరు. కార్గోలో నిప్పంటుకుంటే ఆర్పే మనిషి ఉండడు కాబట్టి చేతిసంచీలోనే ఉండాలి. 20,000 మిల్లీ ఆంప్ అవర్లదంటే సుమారు 74 వాట్ అవర్లు, సాధారణంగా హద్దు 100. ఇవన్నీ అక్కకి కంఠతా. ఆవిడ దగ్గర అమ్మ జాబితా ఫోటో తీసుకున్నది ఫోన్‌లో ఉంది. దాని కిందే తన జాబితా కొనసాగించింది.

నా సంచీలో రెండు చొక్కాలే. అది మార్చుకోను. ఐతే ఇప్పుడు బయల్దేరే ముందు వెంట వచ్చేవాళ్లని అడుగుతాను, నా దాంట్లో ఏం పెట్టమంటారని. ఖాళీ ఉన్న సంచీకి అంతకంటే మంచి వాడకం నాకు తెలియదు.

వచ్చే వారం అందరం కలిసి వెళ్తున్నాం. నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, నా పెట్టె ఇరవై రెండున్నర దగ్గర ఆగింది. నీ సంచీ ఎంత తూగింది?"

"ఆరు."

"అయితే మా పిల్లాడి నెబ్యులైజరు నీ దాంట్లో పెట్టుకో. చలిగాలి తగిలితే వీడికి ఆయాసం వస్తుంది, రాత్రిపూట నీ పక్కనే పడుకుంటానంటున్నాడు కూడా."

సరేనన్నాను. పొద్దున్నే తెచ్చి ఇచ్చింది. నేను బూట్ల జత బయటికి తీసి చోటు చేస్తుంటే పక్కన నిలబడి, "మాస్కు విడిగా పెట్టు, ఒత్తుకుపోతే మొహానికి సరిగ్గా కూర్చోదు. గొట్టం మడత పడనివ్వకు. ఆ మందు పైన పెట్టు, దిగేసరికి అర్ధరాత్రవుతుంది" అంది.